సార్ చూసుకుంటానన్నారు

మా బాబాయికి ఉన్న జబ్బు పేరు మొహమాటం. దానికి మందు లేదు. ఒకసారి మంగలి షాపులో కుర్రాడు ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ బాబాయి మీసం ఒక పక్క ఎగరగొట్టేశాడు. ఇంకొకరైతే షాపు కప్పు ఎగిరిపోయేలా అరిచేవాళ్ళు. బాబాయి అద్దంలో చూసుకుని, "పర్లేదులేవయ్యా, రెండో పక్క కూడా తీసెయ్, చల్లగా ఉంటుంది" అన్నాడట. ఇంటికొచ్చి తలుపు కొడితే పిన్ని తీసి, "ఎవరు కావాలండీ?" అంది. చెప్పుల షాపులోకి వెళ్తే నచ్చినా నచ్చకపోయినా ఒక జత కొనకుండా బయటికి రాలేడు. పాపం వాడు వంగి వంగి తొడిగాడు కదా, వట్టి చేతుల్తో ఎలా వచ్చేస్తాం అంటాడు. ఆయనకి పట్టని చెప్పులే మా ఇంటిల్లిపాదీ వేసుకు తిరుగుతాం.

అలాంటి మనిషి స్టీరింగు ముందు కూర్చుంటే మారిపోతాడు. ఊరి బయట ఉన్న కాలేజీకి బస్సు తోలేవాడు మా బాబాయి. గేరు మారిన సంగతి లోపల కూర్చున్నవాళ్ళకి తెలియకూడదనేవాడు. ఎదురుగా లారీ దూసుకొచ్చినా దారి వదిలేవాడు కాదు. పరీక్షల రోజుల్లో మాత్రం ఆలస్యమైన పిల్లల కోసం సందు మొదట్లో బస్సాపి, హారన్ కొట్టకుండా కూర్చునేవాడు. "హారన్ కొడితే ఆ పిల్ల కంగారుపడి చదివిందంతా మర్చిపోతుందే" అనేవాడు నాతో. ఆ కాలేజీ గేటుకి ఎదురుగా జిరాక్స్ షాపులో నా ఉద్యోగం. మేం కింద వాటాలో, బాబాయి వాళ్ళు పై వాటాలో. ఆ బస్సులోనే వెళ్ళి ఆ బస్సులోనే వచ్చేదాన్ని కాబట్టి ఇదంతా నేను ఎవరో చెబితే విని రాస్తున్నది కాదు.

కాలేజీ పెట్టిన పెద్దాయన్ని అందరూ సార్ అనేవాళ్ళు. ఆయనకి మాత్రం అందరూ చుట్టాలే. బాబాయిని 'తమ్ముడూ' అనేవాడు. వాచ్‌మన్ని 'బావా' అనేవాడు. మెట్లు కడిగే ఆవిడ ఆయనకి అక్క. ఇన్ని చుట్టరికాలు కలుపుకున్న మనిషిని జీతం పెంచమని అడగడానికి ఎవరికి నోరొస్తుంది? ఎవరైనా తెగించి అడిగితే, "మనలో మనకి డబ్బు మాటలేంటి?" అని భుజం మీద చెయ్యేసేవాడు. ఆ చెయ్యి బరువు ఎంతో భుజం ఉన్నవాళ్ళకి తెలుసు.

మా చెల్లి, అంటే బాబాయి కూతురు, స్కూల్లో ఉండగా బాబాయికి సిమెంటు ఫ్యాక్టరీలో స్టాఫ్ బస్సు తోలే ఉద్యోగం వచ్చింది. జీతం ఇక్కడికంటే బాగా ఎక్కువ. పిన్ని అప్పుడే కొత్త కర్టెన్లు కూడా ఊహించేసుకుంది. బాబాయి ఆ మాట చెప్పడానికి సార్ గదిలోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే తిరిగొచ్చాడు.

"ఏమన్నారు?" అంది పిన్ని.

"నువ్వెక్కడికి వెళ్తావు తమ్ముడూ అన్నారు. మన పిల్ల మన కాలేజీలో చదవాలి, ఆ సంగతి నేను చూసుకుంటాను అన్నారు."

ఇక పిన్ని కూడా కర్టెన్ల మాట మర్చిపోయింది. ఎందుకంటే 'నేను చూసుకుంటాను' అనే మాట మనకి అలాంటిది. ఇల్లు కట్టేటప్పుడు 'సిమెంటు సంగతి నేను చూసుకుంటా' అని మేనమామ అంటే, బస్తాలు వచ్చి వాకిట్లో దిగుతాయి. ఆస్పత్రిలో 'బిల్లు నేను చూసుకుంటాలే' అని అన్నయ్య అంటే, మనం జేబులో చెయ్యి పెట్టక్కర్లేదు. ఆ మాట విన్నాక 'చూసుకోవడమంటే ఏమిటండీ, మీరు కడతారా, మేం కట్టాలా?' అని అడిగేవాణ్ణి మనం మనుషుల్లో లెక్కెయ్యం. ఎంత చిన్నబుద్ధి అనుకుంటాం. మామూలు మనుషులే అడగలేరు. ఇక మా బాబాయి అడుగుతాడా?

ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలేశాడు. చెల్లి కాలేజీలో చేరింది, కంప్యూటర్ కోర్సులో. చేరిన రోజు అకౌంటెంటు ఒక కట్ట కాగితాలు ముందు పెట్టి, వేలితో చూపిస్తూ పోయాడు. "ఇక్కడ మీరు, ఇక్కడ అమ్మాయి. ఇక్కడ మళ్ళీ మీరు." చెల్లి ఒక కాగితం దగ్గర ఆగి, "నాన్నా, ఇందులో బ్యాంకు అని ఉందేంటి?" అంది. బాబాయి కళ్ళతోనే ఊరుకోమన్నాడు. అకౌంటెంటు నవ్వి, "అన్నీ మామూలు కాగితాలేనమ్మా, సార్ చూసుకుంటారు" అన్నాడు. ఇంటికొచ్చాక బాబాయి దానికి క్లాసు తీసుకున్నాడు. పెద్దవాళ్ళు ఇంత చేస్తుంటే అనుమానంగా అలా అడగొచ్చా, వాళ్ళేమనుకుంటారు అని. అది తప్పు చేసినదానిలా తలొంచుకుని వింది.

అది చదివినన్నాళ్ళూ బాబాయి జీతం పెరగలేదు. మిగతావాళ్ళకి అంతో ఇంతో పెరిగినప్పుడు అకౌంటెంటు బాబాయిని పక్కకి పిలిచి, "నీకేం కావాలయ్యా, మీ అమ్మాయి చదువు సార్ చూసుకుంటున్నారు కదా" అనేవాడు. బాబాయి "అవునండీ, అవునండీ" అని వచ్చేసేవాడు. ఆదివారాలు సార్ ఇంటికెళ్ళి ఆయన కారు కూడా కడిగేవాడు, ఎవరూ అడగకుండానే. రుణం ఉంచుకోకూడదట. రుణం అనే మాట మా బాబాయి నోటెంట వచ్చినప్పుడల్లా నాకు ఇప్పుడు ఒళ్ళు మండిపోతుంది.

కోర్సు అయింది. కాలేజీ వాళ్ళు ఇప్పిస్తామన్న ఉద్యోగాలు గోడ మీద పోస్టర్ల దగ్గరే ఆగిపోయాయి. చెల్లి వేరే ఊళ్ళో ఒక పార్సిల్ ఆఫీసులో చేరింది. పార్సిల్ రాలేదని, వచ్చినా పగిలిపోయిందని ఫోన్ చేసి తిట్టేవాళ్ళకి క్షమాపణ చెప్పడం దాని పని. చదివిన దానికీ చేసే దానికీ సంబంధం లేదు. అయినా నవ్వుతూనే ఉండేది. "కొన్నాళ్ళు డబ్బు దాచుకుని టీచర్ ట్రైనింగ్ చేస్తానక్కా, నాకు పిల్లలకి చెప్పడం ఇష్టం" అనేది.

అప్పుడు బ్యాంకు నుంచి ఫోనొచ్చింది.

బాబాయి, చెల్లి, నేను ముగ్గురం వెళ్ళాం. బ్యాంకు ఆఫీసరు మా వయసు పిల్లే. పద్ధతిగా కూర్చోబెట్టి, కంప్యూటర్ తెర మా వైపు తిప్పి, చదివి చెప్పింది. చదువు కోసం తీసుకున్న లోను. చెల్లి పేరున. బాబాయి కూడా బాధ్యుడు. ప్రతి ఏడాదీ డబ్బు నేరుగా కాలేజీకి వెళ్ళిపోయింది. వడ్డీ మొదటి రోజు నుంచే పెరుగుతూ వచ్చింది. ఇక నుంచి నెలనెలా కట్టాలి.

బాబాయి అంతా విని, "సార్ చూసుకుంటానన్నారమ్మా" అన్నాడు.

"ఏ సార్ అండీ?" అంది ఆ పిల్ల.

ఆవిడ వెటకారంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. బాబాయి నా వైపు చూశాడు. సార్ అంటే లోకమంతటికీ ఒక్కడే అనుకుంటూ బతికిన మనిషికి, ఆయనెవరో తెలియని చోటు ఒకటుందని ఆ రోజే తెలిసినట్టుంది. లేచి మంచినీళ్ళ కోసం బయటికి వెళ్ళాడు. చెల్లి మాత్రం లోపలే ఉండి ఆఫీసరుని ఇంకేదో అడిగి, చాలాసేపటికి వచ్చింది. ఏం అడిగావే అంటే, "ఏం లేదక్కా" అంది. ముఖం మాత్రం పాలిపోయి ఉంది.

ఆ నెల నుంచి దాని జీతంలో సగానికి పైగా బ్యాంకుకి పోవడం మొదలైంది. ముగ్గురికే సరిపోయే గదిలో అయిదో మనిషిగా చేరింది. ఆఫీసుకి నడిచి వెళ్ళేది. ఇంటికి రావడం తగ్గించింది, చార్జీలు దండగని. టీచర్ ట్రైనింగ్ ఊసు ఎత్తడం మానేసింది. నేను ఎత్తితే, "ఈ లోను తీరేసరికి నాకు పాఠం చెప్పే ఓపికుంటుందా అక్కా?" అని ఫోన్ పెట్టేసింది.

పిన్ని ఊరుకోలేదు. "వెళ్ళి అడుగు. అడక్కపోతే నేనే వెళ్ళి ఆ గేటు దగ్గర కూర్చుంటాను" అంది. పిన్ని అన్నంత పనీ చేసే రకం. ఆ భయంతో బాబాయి సార్ దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు జరిగింది ఆయన నోటితోనే చెబుతాను, ఎందుకంటే ఆయన ఇంటికొచ్చి ఒక్క ముక్క కూడా దాచకుండా చెప్పాడు.

"బ్యాంకు నుంచి ఫోనొచ్చింది సార్ అన్నాను. అవును, వస్తుంది అన్నారు. మీరు చూసుకుంటానన్నారు కదా సార్ అన్నాను. చూసుకున్నాను కదా తమ్ముడూ అన్నారు. నీలాంటివాడు బ్యాంకు గడప తొక్కితే లోనిచ్చేవాళ్ళా, నా మాట మీద ఇచ్చారు, ఒక్క కాగితం కోసం నిన్ను తిప్పానా, అన్నీ నేనే చూసుకున్నాను కదా అన్నారు."

"అప్పుడు నువ్వేమన్నావు?" అంది పిన్ని.

"థ్యాంక్స్ సార్ అన్నాను" అన్నాడు.

పిన్ని చేతిలో గరిట గోడకి తగిలి కింద పడింది. నాకు ఆ సార్ మీద ఎంత కోపం వచ్చిందో ఈ అమాయకుడి మీదా అంతే వచ్చింది. మోసం చేసినవాడు మన భాషలోనే, మనకి తెలిసిన మాటతోనే, పట్టుబడకుండా మోసం చేశాడు. అబద్ధం ఆడాడని కూడా అనలేం. చూసుకుంటానన్నాడు, చూసుకున్నాడు. మధ్యలో మా చెల్లి మెడకి బండ కట్టాడు.

బాబాయి ఇంకో మాట కూడా చెప్పాడు. కొత్త అడ్మిషన్ల మీటింగు ఉందట. ఊళ్ళోంచి తల్లిదండ్రుల్ని బస్సులో తీసుకొస్తారు. ఆ మీటింగులో బాబాయి స్టేజి ఎక్కి నాలుగు మాటలు మాట్లాడాలట. డ్రైవర్ కూతురు కూడా ఇక్కడే చదివి ఉద్యోగం చేస్తోందని. "అది అయ్యాక నీ లోను సంగతి కమిటీలో పెడతాను, చూద్దాం" అన్నాడట సార్.

చూద్దాం! 'చూసుకుంటాను' నుంచి 'చూద్దాం'కి దిగాడు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు 'చూద్దాం' అని లేస్తే మళ్ళీ ఆ ఇంటి మొహం చూడరని మనలో ఎవరికి తెలియదు? పిన్ని ఆ మాటే అంది. బాబాయి మాత్రం, "కమిటీలో పెడతానన్నారు కదే, పిల్ల మెడలో బరువు దిగుతుందేమో" అన్నాడు. దాని కోసం తను ఏ గడ్డి కరవడానికైనా సిద్ధమే అన్నట్టు ఉంది ఆయన ముఖం. ఆ ఒక్క ఆశతోనే ఒప్పుకున్నాడు.

మీటింగు రోజు చెల్లికి సెలవు. 'మీటింగు అవ్వగానే సార్ని కలుద్దాం రా' అని బాబాయి దాన్ని రప్పించాడు. స్టేజి మీద మాట్లాడబోతున్న సంగతి మాత్రం దానికి చెప్పలేదు, మమ్మల్నీ చెప్పనివ్వలేదు. దరఖాస్తు కాగితాల కట్టలు మోసుకుని నేనూ హాల్లోకి వెళ్ళాను. ఇద్దరం ఆఖరి వరసలో కూర్చున్నాం. ముందు వరసల నిండా తల్లిదండ్రులు. ఇస్త్రీ మడతలు విప్పని బట్టలు, ఒళ్ళో సంచులు. ఎవరి ముఖం చూసినా మా బాబాయి ముఖంలాగే ఉంది.

సార్ మైకు అందుకుని, "డబ్బు లేదని చదువు మాన్పించకండి. ఆ సంగతి మేం చూసుకుంటాం. కావాలంటే మా తమ్ముణ్ణే అడగండి" అని బాబాయిని పిలిచాడు. చెల్లి ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

బాబాయి మైకు ముందుకొచ్చాడు. చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. "అందరికీ నమస్కారం. నేను ఈ కాలేజీ డ్రైవర్నండీ. మా అమ్మాయి ఇక్కడే చదివింది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. సార్ చూసుకుంటానన్నారు." అక్కడ ఆగిపోయాడు. సార్ పక్క నుంచి నవ్వుతూ తల ఊపాడు. "చూసుకున్నారండీ" అన్నాడు బాబాయి.

హాలంతా చప్పట్లు కొట్టింది. చెల్లి నా చెయ్యి వదిలేసింది. దాని వైపు చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు.

బయట టేబుళ్ళ దగ్గర జనం ఎగబడ్డారు. నేను తెచ్చిన కాగితాలు చాలక మళ్ళీ తేవాల్సి వచ్చింది. సార్ని కలవాలని బాబాయి గది బయట నిలబడితే, లోపలి నుంచి అకౌంటెంటు వచ్చి, "ఇవాళ కుదరదు, ముందు వీళ్ళని ఊళ్ళో దింపి రా" అన్నాడు. బాబాయి సరేనండీ అని తాళాలు తీసుకున్నాడు.

బస్సు నిండింది. నేనూ చెల్లీ కూడా ఎక్కాం. డ్రైవర్ వెనక సీట్లో ఒకావిడ కూర్చుంది. ఇంటి దగ్గర బట్టలు కుట్టే మనిషి, మెడలో టేపు కూడా తియ్యడం మర్చిపోయి వచ్చింది. బస్సు కాలేజీ గోడ దాటాక ముందుకి వంగి, "డ్రైవరన్నా, ఒక్క మాట. మీ అమ్మాయి చదువుకి మీరు పైసా కట్టలేదా నిజంగా?" అంది.

బాబాయి అద్దంలో వెనక్కి చూశాడు. చెల్లి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆవిడే మళ్ళీ, "మీరు చెప్పారనే ధైర్యం చేసి సంతకం పెట్టేశానన్నా. మీరు కూడా మాలాంటివాళ్ళే కదా, అబద్ధం చెప్పరు" అంది.

బాబాయి బస్సు పక్కకి తీసి ఆపాడు. ఇంజను కట్టేశాడు. సీట్లోంచి లేచి వెనక్కి తిరిగాడు.

"అది లోనమ్మా. బ్యాంకు లోను. మీ పిల్ల పేరున రాస్తారు. చదువయ్యాక వడ్డీతో సహా కట్టాలి. మా అమ్మాయి కడుతోంది. చూసుకోవడమంటే అదే. నాకూ తర్వాత తెలిసింది."

ఒక తాపీమేస్త్రి లేచాడు, గట్టి గొంతు మనిషి. "ఏంటయ్యా, మైకులో ఒకటీ బస్సులో ఒకటీనా? ఇందాక మూడొందల మంది ముందు చూసుకున్నారన్నావు. ఏ నోటితో అన్నది నమ్మమంటావు?"

"తన పిల్ల గట్టెక్కింది కదా, మన పిల్లలు చదివితే కళ్ళు కుట్టవూ?" అంది ఇంకో ఆవిడ. నలుగురూ నాలుగు మాటలన్నారు. బాబాయి చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. ఎదురు చెప్పడం చేతకాని మనిషి, చెప్పడానికి మాట కూడా మిగల్లేదు. స్టేజి మీదే ఇచ్చేసి వచ్చాడు.

అప్పుడు చెల్లి లేచింది.

"ఆయన్ని నమ్మొద్దు. నన్ను నమ్మండి. అప్పు నా పేరునే ఉంది" అంది. "నాకొచ్చే జీతంలో సగం పైన దానికే పోతోంది. ఫీజు ఒక్కటే అనుకోకండి. పుస్తకాలు కూడా అందులోనే రాశారు, ఒక్క పుస్తకం ఇవ్వలేదు. బస్సు ఫీజు కూడా రాశారు. ఈ బస్సుకే. మా నాన్న తోలే బస్సులో నేను కూర్చున్నందుకు కూడా వడ్డీ కడుతున్నాను."

ఆ రోజు బ్యాంకులో అది ఒక్కతే ఉండిపోయి అడిగింది ఇదన్నమాట. ఇన్నాళ్ళూ ఇంట్లో చెప్పలేదు. బాబాయి దాని వైపు అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత డ్రైవర్ సీటు వెనక కమ్మీ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"సంతకాలు పెట్టినవాళ్ళు కూర్చోండి, వెళ్ళి కాగితాలు వెనక్కి తెచ్చుకుందాం. పెట్టనివాళ్ళు దిగిపోండి, ఇక్కడి నుంచి ఊరు దగ్గరే" అన్నాడు కాసేపటికి. జనం సణుక్కుంటూ, తిట్టుకుంటూ దిగారు. సంతకం పెట్టి కూడా కొందరు దిగిపోయారు, మాకెందుకొచ్చిన గొడవ అని. టైలరమ్మ దిగలేదు. అందరికంటే గట్టిగా తిట్టిన తాపీమేస్త్రి కూడా దిగలేదు. మేస్త్రి ఎవరి ముఖమూ చూడకుండా తల గోక్కుంటూ కూర్చున్నాడు.

బాబాయి ఆ ఇరుకు రోడ్డు మీద బస్సు వెనక్కి తిప్పాడు. నేను ఆయన డ్రైవింగు అంతకాలం చూశాను గానీ, గేరు అంత మోటుగా వెయ్యడం అదే చూశాను.

కాలేజీలో అకౌంటెంటు బల్ల ముందు నిలబడి, "వీళ్ళిద్దరి కాగితాలు ఇచ్చేయండి" అన్నాడు.

"ఇచ్చిన కాగితాలు వెనక్కివ్వడం ఉండదయ్యా. నువ్వు ముందు బస్సు తియ్యి, ఇంటికెళ్ళే పిల్లలు బస్సు కోసం మెట్ల మీద కూర్చున్నారు."

"కాగితాలిస్తే తాళాలిస్తానండీ" అన్నాడు బాబాయి. అంత మర్యాదగా ఎవరూ ఎవర్నీ బెదిరించి ఉండరు. ఏకవచనం కూడా వాడలేదు. కానీ తాళాలు పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు, ముంగిట్లో బస్సు గేటుకి అడ్డంగా ఆపి ఉంది, బయట కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఇంకా సంతకాలు పెట్టని తల్లిదండ్రులు కొందరు మెడలు సాచి చూస్తున్నారు.

సార్ గదిలోంచి వచ్చాడు. "ఏంటి తమ్ముడూ ఇది? లోపలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పండి సార్. వీళ్ళ పిల్లలకి ఉచితమా, లోనా? ఒక్క మాట చెప్పండి సార్, చాలు" అన్నాడు బాబాయి.

ఆ ప్రశ్న అంత తేలిగ్గా ఉంటుందని నాకూ తెలియదు. సార్ నవ్వు ముఖం మీద అలాగే ఉంది గానీ దాన్ని ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు. చుట్టూ చూశాడు. మెడలు సాచినవాళ్ళు దగ్గరికొచ్చారు. "వాళ్ళ కాగితాలు వాళ్ళకి పడేసి పంపించు" అన్నాడు అకౌంటెంటుతో. తర్వాత బాబాయి వైపు తిరిగి, "తాళాలు అక్కడ పెట్టి వెళ్ళు. రేపటి నుంచి రావద్దు" అన్నాడు. తమ్ముడూ అనలేదు.

టైలరమ్మ కాగితాలు అక్కడికక్కడే నిలువునా చింపేసింది. మేస్త్రి తనవి మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇంటికెళ్ళి పొయ్యిలో పెడతానన్నాడు. బాబాయి తాళాలు బల్ల మీద పెట్టి, "వస్తానండీ" అన్నాడు. అలవాటు. ఆ మాట వింటే నాకు ఏడుపొచ్చింది.

బయట రోడ్డు మీద టైలరమ్మ బాబాయి చేతులు రెండూ పట్టుకుంది. "మీ ఉద్యోగం పోయింది కదన్నా మా వల్ల. మా పిల్ల జీవితం నిలబెట్టారు" అని ఒకటే ఏడుపు. మేస్త్రి దూరంగా నిలబడి దగ్గి, "ఇందాక ఏదో నోరు జారాను, మనసులో పెట్టుకోకు" అన్నాడు. ఊరి వైపు పోయే వ్యాను ఒకటి ఆగితే ఇద్దరూ ఎక్కారు. ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. బాబాయి కూడా ఊపాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన ముఖంలో కాస్త వెలుగు కనిపించింది.

ముగ్గురం పెద్ద రోడ్డు వైపు నడిచాం. చెల్లికి ఆ సాయంత్రమే తన ఊరికి బస్సు. లోను అలాగే ఉంది. కమిటీ లేదు, 'చూద్దాం' కూడా పోయింది, ఇంట్లోకి వచ్చే ఒక జీతం కూడా పోయింది. బాబాయి మాత్రం కొంచెం నిటారుగా నడుస్తున్నాడు. చెల్లి ఏదైనా అంటుందని, మంచి పని చేశావు నాన్నా అంటుందని పక్కచూపులు చూస్తున్నాడు.

"నాన్నా, ఆ టైలరమ్మ నీకేమవుతుంది?" అంది అది.

"ఏమీ కాదమ్మా. ఇవాళే కదా చూడడం."

"మరి నేనేమవుతాను?"

బాబాయి రోడ్డు మధ్యలోనే ఆగిపోయాడు. అది వెనక్కి చూడకుండా నడిచి, వచ్చిన మొదటి బస్సెక్కి, టికెట్ కొనుక్కుని వెళ్ళిపోయింది.